పచ్చిక మీద దుప్పటి

నోయిడాలో మా సొసైటీ వెనక ఉన్న జాగాని నేల అనడం మొహమాటానికి అనడమే. బిల్డరు టవర్లు కట్టగా మిగిలిన చెత్తంతా అక్కడే పూడ్చి, పైన కాస్త మట్టి చల్లి, ప్లానులో దానికి 'గ్రీన్ ఏరియా' అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఆ చెత్తని ఢిల్లీ వైపు మల్బా అంటారు. విరిగిన ఇటుకలు, గడ్డకట్టిన సిమెంటు, టైల్స్ పెచ్చులు, వంకరపోయిన మేకులు, అన్నీ కలిసిన సరుకు. వాన పడ్డప్పుడల్లా అందులోంచి ఏదో ఒకటి బయటపడేది. ఒకసారి సగం వాష్‌బేసిన్ బయటపడింది. ఆ జాగాని ఆనుకుని ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ మాది. అందులో నేను పసిపిల్లల క్రెష్ నడిపేదాన్ని.

నడిపేదాన్ని అంటున్నాను గానీ, ఏదో ఆశయం పెట్టుకుని మొదలుపెట్టలేదు. మా ఆయన్ని కంపెనీ హైదరాబాదు నుంచి ఇక్కడికి పంపించింది. అప్పటికి నోయిడాకి మెట్రో రాలేదు. దాని స్తంభాలు మాత్రం లేస్తున్నాయి, ఊరంతా ఆ దుమ్మే. ఒకరోజు పొద్దున పై అంతస్తు తెలుగమ్మాయి, ఆఫీసు క్యాబ్ వచ్చేసిందంటూ ఏడాది పిల్లాణ్ని నా చేతుల్లో పెట్టి పరుగెత్తింది. మర్నాడూ అంతే. ఆమెను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. కాదనడం చేతకాని మనిషికి క్రెష్ అలాగే తయారవుతుంది. చూస్తుండగానే మా హాలు నిండా చాపలు, పాలసీసాలు, కారే ముక్కులు. నా నడుం నొప్పి కూడా ఆ రోజుల్లో పుట్టిందే.

సాయానికి ఒక ఆయా ఉండేది. బీహార్ మనిషి. పిల్లలూ తల్లులూ నేనూ అందరం దీదీ అనే పిలిచేవాళ్లం. పిల్లల్ని ప్రాణం పెట్టి చూసేది, కాకపోతే శుభ్రం పిచ్చి జాస్తి. తుడిచిన గచ్చు మీద తడి ఆరకముందే ఎవరైనా అడుగు పెట్టారో, ఇక ఆ పూటంతా గొణుగుడే. చాలాసార్లు నా ఇంట్లో నేనే గోడవారగా నడిచేదాన్ని.

ఆ పిల్లల్లో ఒక నర్సు కూతురు ఉండేది. రెండేళ్లు దాటాయి. బొద్దుగా, గుండ్రటి కళ్లతో, పలకరించినవాళ్లకీ పలకరించనివాళ్లకీ నవ్వు పంచేది. కానీ టైల్స్ మీద తప్ప కాలు మోపేది కాదు. గోడ పట్టుకుని టైల్స్ మీద నడిచేది. చాప మీదికి రావాలంటే పాకేది. బయట మట్టిలో దించబోతే రెండు కాళ్లూ పైకి ముడిచేసుకుని, నా మెడ గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఏడ్చేది. తల్లిది నరసాపురం వైపు. ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో డ్యూటీ. భర్త ఇంకో ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. ఒకరు వచ్చేసరికి ఒకరు బయల్దేరేవాళ్లు. ఉండేది పక్క సెక్టారులో, డాబా మీద ఒక్క గది. పుట్టింది మొదలు ఆ పిల్ల చూసినవి ఆ గది టైల్సు, మా హాలు టైల్సు, మధ్యలో ఆటో.

చర్చిలో ఎవరో పెద్దావిడ పిల్ల కాళ్లు తడిమి చూసి, అవిటితనమేమో చూపించుకోమ్మా అందట. ఆ మాట పట్టుకుని నర్సు నిద్ర మానేసింది. చివరికి తన ఆసుపత్రిలోనే పిల్లల డాక్టరుకి చూపించింది. ఆ సాయంత్రం పిల్లని తీసుకెళ్లడానికి వచ్చి, యూనిఫాంతోనే మా గుమ్మంలో కూర్చుండిపోయింది.

"కాళ్లు సుబ్బరంగా ఉన్నాయన్నారండి ఆంటీ," అంది. "నేల అలవాటు లేదంట, అంతేనంట. మట్టిలో గడ్డిలో వదిలెయ్యమన్నారు. ఇప్పుడు వదలకపోతే కాళ్లలో బలం రాదు, నడక వంకరైపోద్దన్నారు. నేనెక్కడ వదలనండి? మేముండేదే డాబా మీదాయె."

కిటికీలోంచి మా గ్రీన్ ఏరియా కనిపిస్తోంది. ఒక కుక్క ఆ ఇటుకల మధ్య పడుకోవడానికి చోటు దొరక్క చుట్టూ తిరుగుతోంది.

మొదట నిజం గడ్డి వెయ్యాలనే చూశాను. మాలీ చేత పైపైన రాళ్లు ఏరించి, గరిక తెప్పించి నాటించాను. బోరు నీళ్లు ఉప్పన, పైన టవర్ల నీడ, కింద మల్బా. గరిక ఎక్కడైనా బతుకుతుందని విన్నాను. నోయిడాలో బతకలేదు. మళ్లీ నాటిస్తే మళ్లీ పోయింది. ఈసారి మాలీయే నన్ను ఓదార్చాడు.

ఒక పిల్లవాడి తండ్రి హోటళ్లకి లోపలి అలంకరణ పనులు చేయించేవాడు. ఆయనే చెప్పాడు, ఈమధ్య టెర్రస్‌ల మీద ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నారని, దానికి నీళ్ల బాధా ఎండ బాధా లేదని. నాకు నవ్వొచ్చింది. అయినా సరే చూద్దామని, ఆయన చెప్పిన కాంట్రాక్టరుని పిలిపించాను. జనక్‌పురి నుంచి వచ్చాడు, చంకలో రకరకాల ముక్కలు పెట్టుకుని. పీట అంత ఉన్న ముక్క ఒకటి టైల్స్ మీద పడేసి, ఇది ఏ దేశం సరుకో, ఎన్నాళ్లు మన్నుతుందో ఏకరువు పెట్టడం మొదలుపెట్టాడు.

నర్సు కూతురు గోడ వదిలి, పాకుతూ వచ్చి ఆ ముక్క ముందు కూర్చుంది. అరచేత్తో నిమిరింది. ఇటు నిమిరితే మెత్తగా, అటు నిమిరితే గరుకుగా ఉండటం దానికి వింతగా తోచినట్టుంది. కాసేపటికి లేచి, నా చీర కుచ్చిళ్లు పట్టుకుని, కుడికాలు దాని మీద పెట్టింది. తీసేసింది. మళ్లీ పెట్టింది. నేను కదల్లేదు. కాంట్రాక్టరు మాత్రం తన పాటికి తను చెప్పుకుపోతున్నాడు. ఆయన సరుకు అప్పటికే అమ్ముడుపోయిందని పాపం ఆయనకి తెలియదు.

జాగా సొసైటీది కాబట్టి కమిటీ ఒప్పుకోవాలి. అక్కడ పార్కింగ్ చేద్దామనేవాళ్లు కొందరున్నారు. కమిటీ సెక్రటరీ ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. మొదటి అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని సొసైటీ మొత్తాన్ని కాపలా కాసేవాడు. అందరికీ ఆయన అంకుల్‌జీ. ఆయన బాల్కనీ సరిగ్గా ఆ జాగా వైపే ఉంటుంది. పొద్దున లేస్తూనే మల్బా మొహం చూడాల్సి వస్తోందని ఆయనకి ఎప్పట్నుంచో మంట. ఖర్చు మేము పెట్టుకుంటాం, పిల్లలు ఆడుకోవడానికి జాగా ఇవ్వండి చాలు అని అడిగాను. ఆయన ఒప్పుకోవడమే కాదు, పార్కింగ్ వాళ్ల నోరు కూడా మూయించాడు. ఆ రోజు ఆయన మీద నాకు నిజంగానే గౌరవం కలిగింది.

ప్లాస్టిక్ గడ్డి అంటే చాపలా పరిచేసి వెళ్లిపోతారనుకున్నాను. ఎంత అమాయకత్వం. ముందు మల్బా తవ్వాలి. ఆ మల్బాకి అంతుండాలి కదా. తవ్వేకొద్దీ ఇంకా వచ్చేది. అది లారీలకెత్తాక కంకర, కంకర మీద రాతిపొడి, ఆ పైన దిమ్మిస. నీళ్లు నిలవకుండా కాలువ వైపు వాలు రావాలని, పోసింది తీసి మళ్లీ పోసేవాళ్లు. ఏం చిత్రమో గానీ, దిమ్మిస కొట్టడం ఎప్పుడూ పిల్లల నిద్ర వేళకే మొదలయ్యేది. ఒకడు ఉలిక్కిపడి లేచి ఏడిస్తే, మిగతావాళ్లు వరసగా అందుకునేవాళ్లు. నేను ఇద్దర్ని చెరో భుజాన వేసుకుని, మూడోవాణ్ని కాలితో ఊపుతూ, కిటికీలోంచి కేకలు వేసేదాన్ని. దీదీ తలుపుల కింద తడిగుడ్డలు కుక్కేది. అయినా పాలల్లో కూడా ఇసుక తగిలేది.

గడ్డి చుట్టలు వచ్చాక వాటిని విప్పి ఎండలో పడేశారు. చుట్టి ఉంచినందువల్ల ముడతలు పడ్డాయట, వాటంతట అవి సాగాలట. అలా నన్ను కూడా కాసేపు చాపి ఎవరి జోలికీ పోకుండా వదిలేస్తే బాగుండునని అనిపించింది.

ఆ గడ్డికి ఒక వాలు ఉంటుందని అప్పుడే తెలిసింది. పోచలన్నీ ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. పక్కపక్క చుట్టల్ని ఒకే వాలులో పరవకపోతే ఒకటి లేతగా, ఒకటి ముదురుగా కనిపిస్తుంది. పనివాళ్లు ఒక చుట్టని తిరగేసి పరిచారు. కింద ఉన్న మాకెవరికీ అది కనిపించలేదు. పై నుంచి అంకుల్‌జీకి కనిపించింది. బాల్కనీలోంచి చెయ్యి ఊపుతూ కేక పెట్టి, దాన్ని తీయించి మళ్లీ పరిపించేదాకా ఊరుకోలేదు. ఆ తర్వాత ఆయన కుర్చీ కిందికే తెచ్చుకుని కూర్చున్నాడు. మన పని మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషి దొరికాడని నేను రోజూ ఆయనకి టీ పంపేదాన్ని.

అతుకుల దగ్గర కింద గుడ్డపట్టీ వేసి, జిగురు రాసి, రెండు అంచులూ దగ్గరికి నొక్కి, ఇటుకలు బరువు పెట్టి ఆరనివ్వాలి. సరిగ్గా జిగురు రాసిన మధ్యాహ్నం ఆంధీ వచ్చింది. ఢిల్లీలో మే నెల దుమ్ముగాలి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆకాశం పసుపుపచ్చగా అయిపోయి, మెట్రో దుమ్ము, వేపాకులు, చిప్స్ పొట్లాలు, అన్నీ వచ్చి జిగురు మీద వాలాయి. ఏ అంతస్తుదో ఒక బనియను కూడా వచ్చి అతుక్కుంది. కాంట్రాక్టరు నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు దాన్ని చూసి, కల్ దేఖేంగే మేడమ్, రేపు చూద్దాం అని స్కూటరెక్కి వెళ్లిపోయాడు. ఆ రేపు వెంటనే రాలేదు. వచ్చాక జిగురంతా గీకి మొదటికొచ్చారు. నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. మంచం మీద వాలితే ఎక్కడున్నదాన్ని అక్కడే నిద్రపోయేదాన్ని.

మొత్తానికి ఒకరోజు అయింది. పోచల మధ్య సన్నటి ఇసుక చల్లి, గట్టి చీపుర్లతో ఊడ్చి, పనివాళ్లు సామాను సర్దుకున్నారు. ఎండ దిగాక సొసైటీ అంతా చూడటానికి వచ్చింది. చుట్టూ బూడిదరంగు టవర్లు, మధ్యలో అంత పచ్చదనం. ఎవరు ముందు విడిచారో తెలియదు, చూసేసరికి గట్టు పొడుగునా చెప్పులు వరసగా ఉన్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మెత్తగా కొత్తగా ఉన్నదేదైనా కంటబడితే మనవాళ్ల కాళ్లు వాటంతటవే చెప్పులు విడుస్తాయి. నేనూ విడిచాను.

నర్సు కూతుర్ని ఎత్తుకెళ్లి మధ్యలో దించాను. అలవాటుగా కాళ్లు ముడిచింది. దించి అలాగే పట్టుకుని ఉన్నాను. మెల్లగా ఒక కాలు కిందికి వచ్చింది, తర్వాత రెండోది. వేళ్లు ముడిచి చాపింది. కాస్త దూరంలో దీదీ కూర్చుని చేతులు చాపి పిలిచింది. నా చెయ్యి వదిలేసి, గోడ లేదు, టైల్సు లేవు, తూలుతూ తూలుతూ వెళ్లి దీదీ ఒళ్లో పడింది. దీదీ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, సిగ్గు పడకుండా. నర్సు డ్యూటీలో ఉంది. ఫోను చేసి చెప్పాను. దేవుడికి స్తోత్రం ఆంటీ, అంది.

ఆ సంతోషంలోనే ఎవరో అన్నారు, పసిపిల్లలు కదా, పాలు కక్కుతారు, తడుపుతారు, కొత్త గడ్డి పాడవుతుందని. దీదీకి ఆ మాట చాలు. లోపలికి వెళ్లి పెద్ద దుప్పటి తెచ్చి గడ్డి మీద పరిచి, పిల్లలందర్నీ ఎత్తి దాని మీద కూర్చోబెట్టింది. నవ్వొచ్చే పనే. కానీ ఆ వేళ ఎవరూ నవ్వలేదు. కొన్న సోఫాకి ప్లాస్టిక్ కవరు తియ్యని జనం, టీవీ రిమోట్‌కి తొడుగు వేసే జనం మేము. దుప్పటి అందరికీ సబబుగానే కనిపించింది.

వారం తిరక్కుండానే ఎండ తన సంగతి చూపించింది. ప్లాస్టిక్ కదా, మధ్యాహ్నానికల్లా పెనంలా కాలేది. చెప్పులు వేసుకుంటే ఏ బాధా లేదు. కానీ చెప్పులతో ఎక్కనిచ్చేవాళ్లెవరు? అందుకని పగలంతా పిల్లలు లోపలే. పొద్దున చల్లటి వేళ యోగా వాళ్లు వచ్చేవాళ్లు. సాయంత్రం చల్లబడే వేళకి ఆడవాళ్ల భజన, కిట్టీ పార్టీలు, పేపరు పట్టుకుని మగవాళ్లు. ఇదివరకు ఆ పక్కకి తొంగి చూడనివాళ్లంతా ఇప్పుడు అక్కడే. మా పిల్లల్ని తీసుకెళితే, అయ్యో రండి రండి అని జరిగేవాళ్లు గానీ, జరిగిన చోటు మా దుప్పటికి కూడా చాలేది కాదు.

అంకుల్‌జీని తిట్టబుద్ధి కాదు. ఆయన ఆ గడ్డిని నిజంగా ప్రేమించాడు. రోజూ పొద్దున్నే వంగి వంగి ఆకులు, వెంట్రుకలు ఏరేవాడు. భార్య పోయాక ఆయన ముఖంలో వెలుగు చూడటం అదే మొదటిసారని పక్కింటావిడ అంది. కానీ ప్రేమించినవాళ్లకి అనుమానం ఎక్కువ. పసిపిల్లల చేతికి పోచ దొరికితే పీకుతారు. ఒక సాయంత్రం నర్సు కూతురు గుప్పిట్లో నాలుగు పచ్చటి పోచలు ఆయన కంటబడ్డాయి. చేలో పడ్డ పశువుని అదిలించినట్టు ఒక్క అరుపు అరిచాడు. పిల్ల బిగుసుకుపోయింది. దీదీ హడలిపోయి, ఆ పోచల్ని పిల్ల చేతనే మళ్లీ ఇసుకలో గుచ్చించి, ఇద్దరూ కలిసి వేళ్లతో అదిమారు. అంతసేపూ ఆయన అక్కడే నిలబడ్డాడు. నేను లోపలినుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

మర్నాటికల్లా చుట్టూ తాడు, తాడుకి ఒక బోర్డు. గడ్డి మీద నడవరాదు, పిల్లల్ని ఆడించరాదు, కమిటీ ఉత్తర్వు. ప్లాస్టిక్ గడ్డికి అలాంటి బోర్డు పెట్టడం నేను ఆ ఒక్కచోటే చూశాను.

నేను మీటింగుకి వెళ్లాను. పిల్లల కోసం వేసుకున్నది, పిల్లలే ఎక్కకూడదంటే ఎలా అని అడిగాను. అందరూ తలలూపారు. ఏ తల ఎటు ఊగిందో తెలియలేదు. అంకుల్‌జీ నా మీద గొంతు పెంచలేదు. తన బిడ్డకి నచ్చజెబుతున్నట్టు మెత్తగా అన్నాడు.

"బేటా, బచ్చోం కా క్యా హై. వో తో కహీఁ భీ ఖేల్ లేంగే."

పిల్లలదేముంది, వాళ్లు ఎక్కడైనా ఆడుకుంటారు. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఎక్కడో చూపించండి అన్నాను. లిఫ్టులోనా, రోడ్డు మీద క్యాబుల మధ్యనా అన్నాను. ఆ పిల్ల సంగతి కూడా చెప్పాను, డాక్టరు ఏమన్నదీ చెప్పాను. దానికి కొందరు కరిగారు. చాలాసేపు వాదులాడుకుని చివరికి దయ తలిచారు. రోజూ సాయంత్రం అరగంట. చెప్పులు లేకుండా, తిండి లేకుండా, దుప్పటి పరుచుకుని, దుప్పటి దాటకుండా. ఒప్పుకోకపోతే అదీ లేదు. ఒప్పుకున్నాను. ఇంటికి వచ్చి పిండి అయిపోయేదాకా చపాతీలు ఒత్తాను.

ఆ విధంగా మా క్రెష్‌కి ఒక ఆనవాయితీ ఏర్పడింది. సాయంత్రం పిల్లలు వరసగా బయల్దేరేవాళ్లు. తాడు దగ్గర ఆగి, కూర్చుని, చెప్పులు విప్పి, జతలు జతలుగా పెట్టేవాళ్లు. దీదీ దుప్పటి నాలుగు చెరగులూ లాగి సర్దేది. అప్పుడు ఎక్కేవాళ్లు. అంచు దాకా వెళ్లి ఆగి వెనక్కి తిరిగేవాళ్లు. చిన్నపిల్లలు ఎంత తొందరగా నేర్చుకుంటారో తలుచుకుంటే నాకు భయమేస్తుంది. బాల్కనీలోంచి అంకుల్‌జీ చూసి మెచ్చుకుంటూ తలూపేవాడు. వచ్చేపోయేవాళ్లు ఆగి, మీ పిల్లలకి ఎంత క్రమశిక్షణండీ అనేవాళ్లు.

నడక మాత్రం వచ్చింది. అది కాదనలేను. దుప్పటి కింద మెత్తదనానికి నర్సు కూతురు పాదాలు అలవాటు పడ్డాయి. వర్షాలు వెనకబట్టేసరికి మా చాపల మీద నడిచేది. దీపావళికి పరుగు కూడా అందుకుంది. నర్సు ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా కేకు పట్టుకుని వచ్చింది. అక్కడ అందరి ముందూ లేచి చెప్పే సాక్ష్యంలో నా పేరు చెప్పి దేవుణ్ని స్తుతించానంది. పిల్ల కాళ్లు తడిమిన పెద్దావిడ కూడా విన్నదట. నేను కేకు తిన్నాను. పడ్డ పాట్లకి ఫలితం దక్కిందిలే, మిగతాది ఎలా పోతే నాకేమిటని సరిపెట్టుకున్నాను.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం వాళ్లూ మేమూ కలిసి అశోకా రోడ్‌లో మన రాష్ట్రం వాళ్ల క్యాంటీన్‌కి భోజనానికి వెళ్లాం. నర్సుకీ భర్తకీ ఒకేరోజు సెలవు దొరకడం వింతే. గోంగూర పచ్చడి, పప్పు, పెరుగు, ఆ వరసలో మనవాళ్ల తోపులాట, అన్నీ అయ్యాక మగవాళ్లిద్దరూ కిళ్లీ కోసం ఆగారు. మేమిద్దరం పిల్లని తీసుకుని ఆటోలో ఇండియా గేటు పచ్చికల దగ్గరికి వెళ్లాం. మెత్తటి ఎండ. జనం చెప్పులతో, బూట్లతో, చీరల కుచ్చిళ్లతో గడ్డి మీద ఎక్కడ పడితే అక్కడ పడుకుని బఠాణీలు తింటున్నారు. ఎంత దూరం చూసినా గడ్డే, వేళ్లున్న గడ్డి.

పిల్ల కాలిబాట మీద మాకంటే ముందు పరుగెత్తింది. చక్కటి పరుగు, ఎక్కడా వంకర లేదు. నర్సు చూసి మురిసిపోతోంది. పచ్చిక అంచుకి వచ్చి పిల్ల టక్కున ఆగింది. కింద కూర్చుంది. చెప్పులు విప్పి జతగా పెట్టింది. లేచి, చేతులు వెనక్కి పెట్టుకుని, మా వైపు చూస్తూ నిలబడింది.

"చూడండాంటీ, ఎంత పద్ధతో," అంది నర్సు. "ఎవరూ చెప్పక్కర్లేదు."

ఇది నిజం గడ్డేనమ్మా, నడవచ్చు, రా, అంటూ నేను చెప్పులతోనే గడ్డి మీదికి వెళ్లి పిలిచాను. పిల్ల నా చెప్పుల వంక చూసింది. దాని ముఖం మారిపోయింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఎప్పుడూ దీదీ భాషలోనే.

"ఆంటీ, అంకుల్ డాంటేంగే," అంది, గొంతు తగ్గించి. అంకుల్ తిడతాడని. నాకోసం భయపడుతోంది.

చెప్పులు విడిచాను. గడ్డి తడిగా చల్లగా ఉంది. రెండు చేతులూ చాపినా రాలేదు. నా శాలువా తీసి పరిచాను. అప్పుడు వచ్చింది. శాలువా అంతా తిరిగింది, అంచు దాకా వెళ్లి ఆగి వెనక్కి తిరిగింది. నర్సు తన కొత్త ఫోనుతో ఫొటోలు తీస్తోంది. నేను గడ్డిలోనే చతికిలబడ్డాను. ఏం చెయ్యాలో తోచక ఒక గడ్డిపోచ పీకి, ఇదిగో చూడు, ఎంత మెత్తగా ఉందో, అని దాని చేతిలో పెట్టాను.

పిల్ల పోచ వంక చూసింది, నా వంక చూసింది, చుట్టూ చూసింది. తర్వాత శాలువా దిగి, తడి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, నేను పీకిన చోటు వెతికి, ఆ పోచని మట్టిలో గుచ్చి వేళ్లతో అదిమింది. చెయ్యి తీసేసరికి అది పడిపోయింది. మళ్లీ గుచ్చింది.